క్లస్టర్ అంటే ఏంది? రైస్ కుక్కర్ కోసం పీకిన ప్లగ్గు

(లారీల పోతుంటే ఆడియో సరిగ్గ వినబడుతలేదని చాలామంది రాసిన్రు. అందుకే ఈ ఎపిసోడ్‌ల మాట్లాడిందంతా అక్షరాల్లో పెడుతున్నం. మాటను మాటగానే ఉంచినం. దగ్గులు, మధ్యల వచ్చిన ఫోన్లు మాత్రం తీసేసినం.)

పుంగ్గోల్ నుంచి మాట్లాడుతున్న. ఆదివారం. వంట అయిపోయింది, ఫ్యాను కింద కూసున్న. కింద ఎల్‌ఆర్‌టీ బండి పోయే చప్పుడు మధ్యమధ్యల వినబడుతది, ఏమనుకోకున్రి.

పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. ఒక డేటా సెంటర్ కట్టే కాడ కేబుల్ ట్రేలు బిగించే పని చేస్తున్నడట. "అన్నా, సైట్‌ల ఇంజనీర్లు పొద్దంత క్లస్టర్ అంటరు, నోడ్ అంటరు, సింక్ అంటరు. నేను బిగించే ట్రే మీద పోయే వైరు ఏం పని చేస్తదో నాకే తెల్వదు. జర చెప్పరాదు" అన్నడు. నాలుగు సార్లు విన్న ఆ మెసేజ్. పదిహేనేండ్ల కింద నేను కూడ ఇట్లనే అడగాలనుకున్న, సిగ్గుపడి అడగలె.

నేను కంప్యూటర్ ఇంజనీరును కాదు. ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసిన. వర్క్ పర్మిట్ మీద వచ్చి, ఇప్పుడు ఎస్ పాస్ మీద కరెంటు పనులకు సూపర్‌వైజర్‌గా ఉన్న. మరి సర్వర్ల సంగతి నాకెట్ల తెలుసు అంటరా? మా అక్క కొడుకు హైదరాబాద్‌ల సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తడు. రాత్రిపూట వానికి ఫోన్ చేసి పానం తీస్త. ఇంకోటి, మా ఫ్లాట్‌ల పాత చిన్న కంప్యూటర్లు మూడు ఉన్నయి. వాటి కథ కూడ చెప్త.

ముందుగాల క్లస్టర్ అన్న మాట గురించి చెప్పాలె. పుంగ్గోల్‌ల ఉన్న మనోళ్ళకు ఈ మాట 2020లనే తెలిసింది, కానీ వేరే అర్థంల. ఆ ఏడు ఏప్రిల్ 5న ఇక్కడి ఎస్11 డార్మిటరీని ఐసొలేషన్ ఏరియా అని ప్రకటించిన్రు. అందుల 13,000 మంది వరకు కార్మికులు. కరోనా వార్తలల్ల రోజూ అదే పేరు, పెద్ద క్లస్టర్ అని. నేను అప్పుడు ఉన్నది వేరే డార్మిటరీ. కానీ జగిత్యాల పక్క ఊర్ల ఉన్న మా ఇంటామెకు ఆ తేడా ఎట్ల తెలుస్తది? టీవీల పుంగ్గోల్ అని విన్నది, నాకు ఫోన్ చేసింది. నా ఫోన్‌ల డేటా అయిపోయింది, గేటు దాటి పోయి టాప్ అప్ చేసుకునే వీలు లేదు. ఒక రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమెకు జవాబు లేదు. నేను మంచిగనే ఉన్న, పప్పన్నం తిని పండుకున్న. అక్కడ ఇంట్ల పొయ్యి వెలిగియ్యలె.

ఆమె ఉన్న కాడి నుంచి చూస్తే ఫోన్ బందైన మనిషి, పానం బందైన మనిషి ఒక్క తీరుగనే కనబడుతరు. రెండిట్లనూ నిశ్శబ్దమే. సర్వర్ల క్లస్టర్‌ల ఉన్న అసలు కష్టం ఇదే తమ్ముడూ. మిగతాదంతా ఈ కష్టం చుట్టూ కట్టుకున్న కంచె.

నోడ్ అంటే ఒక మిషను, అంతే. పది మిషన్లు పెట్టి అన్నీ కలిసి ఒక్క పనే చేస్తే అది క్లస్టర్. బ్యాంకుల మీ ఖాతా లెక్క ఒక్క మిషన్‌ల ఉంటే, అది కాలిపోయిన రోజు మీ పైసలు ఎన్నో ఎవ్వరికీ తెల్వదు. అందుకని అదే లెక్కను రెండు, మూడు, ఐదు మిషన్లల్ల రాసిపెడుతరు. ఒక దాంట్ల మారితే అన్నిట్ల మారాలె. దాన్నే సింక్ అంటరు. వినడానికి అల్కగనే ఉంది. ఐదుగురు మేస్త్రీలకు ఒకటే డ్రాయింగ్ ఇచ్చి, పని నడుస్తుండంగ ఆ డ్రాయింగ్‌ను నాలుగు సార్లు మార్చి, ఐదుగురి చేతుల్ల ఒకే రివిజన్ ఉండేటట్టు చూడున్రి, ఎంత కష్టమో తెలుస్తది. రివిజన్ బి చూసి ఒకడు గోడ కడుతడు, రివిజన్ డి చూసి ఇంకొకడు అదే గోడకు బొక్క కొడుతడు.

కరోనా తర్వాత నేను, మా ఇంటామె ఒక పద్ధతి పెట్టుకున్నం. రోజూ ఇక్కడ రాత్రి తొమ్మిదికి, అంటే అక్కడ ఆరున్నరకు, నేనొక మిస్డ్ కాల్ ఇయ్యాలె. మాట్లాడే పని లేదు, మోగితే చాలు. ఒక్క రోజు రాకుంటే కంగారు పడొద్దు. రెండో రోజు కూడ రాకుంటే మా తమ్మునికి చెప్పాలె, వాడు నా రూమ్మేట్‌కు ఫోన్ చేస్తడు. సర్వర్లు చేసేది కూడ ఇదే. దాన్ని హార్ట్‌బీట్ అంటరు, గుండె కొట్టుకున్నట్టు. పెద్దగా ఉన్న మిషను మిగిలినోళ్ళందరికీ "ఉన్న, ఉన్న" అని చెప్తనే ఉండాలె. మనది రోజుకొక్కసారి, వాటిది సెకనుకు ఎన్నో సార్లు.

ఆ పెద్దమనిషి "ఉన్న" అనుడు బందైతే ఏం చెయ్యాలె? మిగిలినోళ్ళల్ల ఒకడు లేసి పెద్దరికం తీసుకోవాలె. ఎవడు? దీని మీద చానా మంది తలలు పగులగొట్టుకున్నరు. 2014ల అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ అనే ఇద్దరు రాఫ్ట్ అని ఒక పద్ధతి రాసిన్రు. మా అల్లుడు దాన్ని తన నోటితోటి చెప్పిండు, అందుకే నాకు అర్థమైంది. ప్రతి మిషను కొంచెం సేపు ఓపిక పడుతది. ఆ ఓపిక అందరికీ ఒకే తీరు ఉండదు. వాళ్ళు రాసిన దాంట్ల 150 నుంచి 300 మిల్లీసెకన్ల నడుమ, చీటీ తీసినట్టు, ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె. ఎవరి ఓపిక ముందుగాల అయిపోతదో వాడు లేసి "నేను నిలబడుతున్న, ఓటు వెయ్యున్రి" అంటడు. అందరి ఓపిక ఒకేసారి అయిపోతే అందరూ ఒకేసారి లేస్తరు, ఎవ్వరికీ ఓట్లు సరిపోవు. పంచాయితీ ఎలక్షన్ల ఒకే ఇంటి నుంచి ముగ్గురు నిలబడ్డట్టు అయితది.

సగం కన్న ఎక్కువ ఓట్లు వస్తేనే పెద్ద. ఈ 'సగం కన్న ఎక్కువ' అన్నదే మొత్తం ఇల్లును మోసే దూలం. ఎందుకో మా ఫ్లాట్ కథ వింటే తెలుస్తది.

మేము ఆరుగురం ఉంటం. మెస్ లెక్క, అంటే బియ్యం, కూరగాయలు, గ్యాసు, ఎవరు ఎంత పెట్టిన్రు అన్నది, ఇంతకు ముందు నోట్‌బుక్‌ల రాసేది. సర్వర్ల పని నేర్చుకుందామని నేను రెండు సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు కొని ఆ లెక్క అందుల పెట్టిన. ఆరుగురి బియ్యం లెక్కకు రెండు సర్వర్లా అని అందరూ నవ్విన్రు. నిజమే, ఈగను కొట్టనీకి రోకలి ఎత్తినట్టు ఉంది. ఒకటి వంటింట్ల రూటర్ పక్కన పెట్టిన, ఇంకోటి లోపలి రూంల. ఆ రూంలకు వైఫై సరిగ్గ రాదని అక్కడొక చిన్న వైఫై డబ్బా కూడ పెట్టిన. రెంటి నడుమ ఒక వైరు, ఆ వైరు మధ్యల ఒక చిన్న స్విచ్ బాక్స్. వంటింటి మిషను పెద్ద. అది పలకకుంటే లోపలిది పెద్దరికం తీసుకోవాలె అని రాసిపెట్టిన.

ఒక శనివారం రాత్రి రైస్ కుక్కర్‌కు ప్లగ్గు దొరకలేదని ఒక తమ్ముడు ఆ స్విచ్ బాక్స్ ప్లగ్గు పీకిండు. ఇంకేముంది. రెండు మిషన్లూ మంచిగనే ఉన్నయి, కరెంటు ఉంది, కానీ ఒకదాని మాట ఒకదానికి పోతలేదు. లోపలి మిషను "వంటింటోడు పోయిండు, ఇగ నేనే పెద్ద" అనుకుంది. వంటింటిది తను పెద్దనే ఉన్న అనుకుంటనే ఉంది. ఆ రాత్రి లోపలి రూం వాళ్ళు ఫోన్ల నుంచి రాసిన లెక్కలు లోపలి మిషన్‌ల పడ్డయి, వంటింట్ల ఉన్నోళ్ళవి వంటింటి దాంట్ల పడ్డయి. తెల్లారి ప్లగ్గు పెట్టంగనే రెండు లెక్కలు ఎదురుపడ్డయి. ఏది అసలు, ఏది నకలు? నాకు అప్పటికి తెలిసిన తెలివితోటి ఒకదాన్ని చెరిపి ఇంకోదాన్ని ఉంచిన. చెరిగిపోయిన దాంట్ల ఒక తమ్ముడు ఇచ్చిన 40 డాలర్లు ఉండె. ఇచ్చిన అని వాడు, లెక్కల లేదు అని ఇంకొకడు. ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోలె. 40 డాలర్లు పెద్దవి కావు, కానీ "నువ్వు ఇయ్యలె" అన్న మాట మనిషికి ఎట్ల తాకుతదో, బయట దేశంల ఒకే గదిల ఉండేటోళ్ళకు చెప్పే పని లేదు. ఆఖరికి వాడు బియ్యం దుకాణం రసీదు చూపించిండు. నేను తప్పు నాది అని అందరి ముంగట ఒప్పుకున్న.

దీన్ని వాళ్ళ భాషల స్ప్లిట్ బ్రెయిన్ అంటరు, తల రెండు ముక్కలు అయినట్టు. మా అల్లుడు నవ్వలె. "మామా, ఇదే తప్పు పెద్ద పెద్ద కంపెనీలకు కూడ అయితది" అన్నడు. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్ అని, ప్రపంచంల ప్రోగ్రాములు రాసేటోళ్ళందరూ తమ పని దాచుకునే చోటు, అందుల ఏదో పరికరం మార్చే మామూలు పని చేస్తుంటే అమెరికా తూర్పు దిక్కున లింకు తెగింది. ఎంత సేపు? 43 సెకన్లు. ఆ 43 సెకన్లల్ల పడమటి దిక్కు మిషన్లకు పెద్దరికం మారిపోయింది. తూర్పు దిక్కున అప్పటికే కొన్ని రాతలు పడ్డయి, అవి పడమటికి చేరలె. ఇగ పడమటి దిక్కున కొత్త రాతలు మొదలైనయి. రెండిటినీ మళ్ళ కలిపి సర్దనీకి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. మా రైస్ కుక్కర్ కథే, పెద్ద గిన్నెల.

అందుకే మూడో మిషను కొన్న. మూడు ఉంటే సగం కన్న ఎక్కువ అంటే రెండు. వైరు తెగి ఒకటి ఇటు, రెండు అటు అయితే, రెండు ఉన్న దిక్కే లెక్క రాస్తది. ఒంటరిగా మిగిలింది మంచిగ నడుస్తున్నా సరే, కొత్త రాత తీసుకోదు, చేతులు కట్టుకుని కూసుంటది. నాలుగు పెడితే ఇంకా మంచిది కదా అని అడిగిన. కాదట. నాలుగుకు సగం కన్న ఎక్కువ అంటే మూడు. అంటే నాలుగు ఉన్నా ఒక్కటి పోతేనే తట్టుకుంటది, మూడు ఉన్నా ఒక్కటే. నాలుగోదాని పైసలు దండుగ. ఐదు ఉంటే రెండు పోయినా తట్టుకుంటది. అందుకే బేసి లెక్క పెడుతరు.

ఒంటరిది చేతులు కట్టుకుని కూసోవాలె అన్న మాట నాకు గుండెల తాకింది. ఎందుకంటే ఒకప్పుడు నేను కూసోలె.

ఇది 2016ల జరిగింది. సైట్ పేరు, కంపెనీ పేరు చెప్పను. ఒక బిల్డింగ్, రెండు బేస్‌మెంట్లు. కింది బేస్‌మెంట్‌ల ఒక డీబీ ప్యానెల్‌ల కేబుల్ బిగిస్తున్నరు. ఆ పని పర్మిట్ ఒక తమిళ అన్న పేరు మీద ఉంది, ఆయన కింద ఉన్నడు. మెయిన్ స్విచ్ ఉన్న రూంల నేను పైన ఉన్న. సాయంత్రం నాలుగు అయితుంది, వాన. టెస్టింగ్ చూడనీకి మనుషులు వస్తున్నరని పై నుంచి ఒత్తిడి. వాకీటాకీల మూడు సార్లు పిలిచిన, జవాబు లేదు. పది నిమిషాలు చూసిన. ఎవరో "ఆయన లారీ కాడికి పోయిండు" అన్నరు. పని అయిపోయింది, పోయిండు అనుకున్న. నా పేరు మీద కొత్త పర్మిట్ రాసుకున్న. మెయిన్ స్విచ్‌కు ట్యాగ్ కట్టి ఉంది. తాళం కూడ వెయ్యాలె, కానీ తాళాలు తక్కువ ఉన్నయని ఆ రోజు ట్యాగ్ ఒక్కటే కట్టిన్రు. పాత ట్యాగ్, తియ్యడం మరిచిపోయిన్రు అనుకుని నా చేత్తోటే తీసేసిన. స్విచ్ వేపిచ్చిన.

కింద వాకీటాకీకి సిగ్నల్ లేదు, అంతే. ఆ అన్న పోలేదు. పని అయిపోలేదు.

ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగినప్పుడు, అందుల చెయ్యి పెట్టి పని చేస్తున్న నిజామాబాద్ పిల్లగాడు నాలుగు అడుగుల దూరంల సీసాల నీళ్ళు పోసుకుంటున్నడు. దూప అయిందని లేసిండు. ఆ దూప లేకుంటే నేనీ రోజు ఇక్కడ కూసుని మాట్లాడేటోన్ని కాదు. వానికి అప్పటికి పెండ్లయి ఆరు నెలలు.

తర్వాత విచారణ అయింది. నేను నాలుగు పదికి పిలిచిన అని రాసిన. నాలుగు ఐదుకే తను మెట్ల కాడికి వచ్చి "ఇంకా అర్ధగంట" అని చెప్పిన అని ఆ అన్న రాసిండు. ఎవరిది ముందు? నా చేతి గడియారానికి, ఆయన ఫోన్‌కు ఏడు నిమిషాల తేడా. ఏది ముందు జరిగిందో ఆ కాగితాలు చూసి ఎవ్వరూ చెప్పలేకపోయిన్రు. నాకు వార్నింగ్ ఇచ్చి వేరే సైట్‌కు పంపిన్రు. ఉద్యోగం పోలేదు, అది నా అదృష్టం. ఆ పిల్లగాడు ఇప్పుడు ఖతార్‌ల ఉన్నడు, పండుగకు మెసేజ్ పెడుతడు. చూసినప్పుడల్లా నా చెయ్యి వణుకుతది.

ఇప్పుడు చూడున్రి, నేను చేసిన తప్పులన్నిటికీ సర్వర్లు నడిపేటోళ్ళ దగ్గర పేర్లు ఉన్నయి. జవాబు లేకుంటే మనిషి లేడు అనుకున్న, అది మొదటిది. ఒక పని మీద రెండు పర్మిట్లు బతికే ఉన్నయి, ఇద్దరు పెద్దలు. రాఫ్ట్‌ల ప్రతి పెద్దరికానికి ఒక నంబర్ ఉంటది, కొత్త పెద్ద వచ్చినప్పుడల్లా నంబర్ పెరుగుతది. పాత నంబర్‌తోటి ఎవడన్న హుకుం ఇస్తే మిగిలినోళ్ళు తీసుకోరు. మన పర్మిట్ మీద సీరియల్ నంబర్ ఎందుకు ఉంటదో నాకు అప్పుడు అర్థమైంది. పాతది క్యాన్సిల్ అని సంతకం పడనిదే కొత్తది పుట్టొద్దు.

ఇగ తాళం సంగతి. అవతలి నోడ్ చచ్చిందో బతికుందో తెల్వనప్పుడు, దాని పని తీసుకునే ముందు దాన్ని నిజంగనే బంద్ చేస్తరు. కరెంటు తీసేస్తరు, లేకుంటే డిస్క్ మీద అది రాయకుండ అడ్డం పెడుతరు. దీన్ని ఫెన్సింగ్ అంటరు. దీనికి ఇంకో మోటు పేరు కూడ ఉంది, అవతలోని తలకు తుపాకీ పెట్టు అన్న అర్థంల. మా అల్లుడు ఆ పేరు చెప్పినప్పుడు నవ్విండు, నాకు నవ్వు రాలె. మన లాక్ అవుట్, ట్యాగ్ అవుట్ కూడ ఈ తీరుదే. ఎవని తాళం వాడు వేసుకుంటడు, తాళం చెవి వాని జేబుల. పైన ఉన్నోడు ఏం అనుకున్నా, ఎంత తొందర ఉన్నా, తాళం ఉన్నంత సేపు స్విచ్ పడదు. ట్యాగ్ అంటే మాట, ఎవడైనా తీసెయ్యొచ్చు, నేను తీసినట్టు. ఇప్పుడు నా దగ్గర తాళం లేని మనిషి ప్యానెల్ ముట్టడు. తాళాలు తక్కువ ఉంటే ఆ రోజు పని తక్కువ.

గడియారం గురించి కూడ జర చెప్త. కంప్యూటర్ లోపలి గడియారం కూడ మన చేతి గడియారం లెక్కనే, వదిలేస్తే మెల్లగ ముందుకో వెనకకో జరుగుతది. అన్ని మిషన్లు ఒకటే టైం చూపియ్యనీకి ఎన్‌టీపీ అని ఒక పద్ధతి ఉంది. మీ ఫోన్ల, ఆఫీస్ కంప్యూటర్ల, సీసీ కెమెరాల అన్నిట్ల అటువంటిదే నడుస్తది. దాన్ని కట్టింది డేవిడ్ మిల్స్ అనే అమెరికా ప్రొఫెసర్, 1985ల. ఆయనకు పుట్టినప్పటి నుంచే కంటిచూపు సరిగ్గ లేదు, పెద్దయినంక మొత్తం పోయింది. ప్రపంచానికంతా టైం చూపించిన మనిషి. 2024 జనవరిల పోయిండు.

టైం అంటే గుర్తొచ్చింది, మనకు సింగపూర్‌కు రెండున్నర గంటల తేడా కదా. 1981 దాకా రెండు గంటలే. మలేషియా తన తూర్పు, పడమటి ముక్కలకు ఒకటే టైం ఉండాలని అరగంట ముందుకు జరిపింది, దానితోటి కలిసి సింగపూర్ కూడ 1982 జనవరి 1 నుంచి జరిగింది. దేశాలు కూడ సింక్ చేసుకుంటయి మరి. కానీ మంచి క్లస్టర్లు గడియారాన్ని కూడ పూర్తిగ నమ్మవు. 1978లనే లెస్లీ లాంపోర్ట్ అనే ఆయన చెప్పిండు, ఏది ముందు, ఏది వెనుక అన్నది గడియారంతోటి కాదు, వరుస నంబర్‌తోటి కూడ పట్టొచ్చు అని. ప్రతి మెసేజ్ మీద నంబర్ వెయ్యి, అందుకున్నోడు దానికన్న పెద్ద నంబర్ వెయ్యాలె. ఆ రోజు మా ఇద్దరి కాగితాల మీద టైం కాకుండ వరుస నంబర్లు ఉంటే గొడవే లేకపోతుండె.

ఇప్పుడు తమ్ముడు అడిగిన దానికి వస్త, నీ ట్రే కాడికి. దానికి ముందు 2023 అక్టోబర్ 14 గుర్తు చేసుకోవాలె. శనివారం. మన దిక్కు ఎంగిలిపూల బతుకమ్మ, పెత్తర అమావాస్య. ఇక్కడ మధ్యాహ్నం మూడు గంటలు అయితుండంగ డీబీఎస్ బ్యాంకు, సిటీ బ్యాంకు సేవలు ఆగిపోయినయి. ఏటీఎం, ఫోన్ యాప్, కార్డు అన్నీ. మనోళ్ళల్ల చానా మంది జీతం పడేది డీబీఎస్ వాళ్ళ పీఓఎస్‌బీ ఖాతాలనే. నేను ఇంటికి ముందు రోజే పంపిన, నాకు తాకలె. తర్వాత పార్లమెంటుల చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 25 లక్షల చెల్లింపులు, ఏటీఎం పనులు పూర్తి కాలె. యాప్‌లకు లాగిన్ కానీకి చేసి ఫెయిలైనవి 8,10,000 దాకా. కారణం సాఫ్ట్‌వేర్ కాదు తమ్ముడూ. రెండు బ్యాంకులూ వాడుకునే ఒక డేటా సెంటర్‌ల కూలింగ్ సిస్టం పని నడుస్తుంది. అందుల ఒక కాంట్రాక్టర్ పొరపాటున, చల్లనీళ్ళు నిల్వ ఉండే ట్యాంకుల వాల్వులు మూసుకోమని సిగ్నల్ పంపిండు. వేడి పెరిగింది, మిషన్లు ఆగినయి.

అటువంటి రోజు కోసమే బ్యాంకులు ఇంకో చోట ఇంకో డేటా సెంటర్ పెట్టుకుంటయి, అన్నీ సింక్ చేసి. ఇది పోతే అది లేవాలె. ఇక్కడి నియమం ప్రకారం బ్యాంకు ముఖ్యమైన సిస్టం పన్నెండు నెలల మొత్తంల నాలుగు గంటల కన్న ఎక్కువ ఆగొద్దు. ఆ రోజు రెండో దానికి మారబోతే డీబీఎస్‌కు నెట్‌వర్క్ సెట్టింగ్ తప్పుగ ఉన్నట్టు బయటపడ్డది, సిటీకి కనెక్షన్ సమస్య వచ్చింది. పూర్తిగ లేవనీకి మరుసటి రోజు దాకా పట్టింది. తర్వాత మానిటరీ అథారిటీ, డీబీఎస్ ఆరు నెలల దాకా అవసరం లేని కొత్త మార్పులు చెయ్యొద్దని ఆపింది.

లెక్కలు అక్కడ ఉండె, మిషన్లు అక్కడ ఉండె. మారే దారి మాత్రం సరిగ్గ లేదు. మన సైట్‌ల ఫైర్ పంపు రెండోది ఉంటది చూడున్రి, స్టాండ్‌బై. పెయింట్ కొత్తగ మెరుస్తుంటది. దాన్ని ప్రతి వారం నడిపి చూడకుంటే అది పంపు కాదు, ఎర్ర రంగు వేసిన ఇనుము.

తమ్ముడూ, నీ ట్రే డ్రాయింగ్‌ల ఏ రూట్, బీ రూట్ అని రెండు దార్లు ఉంటయి. ఒకటి ఉత్తరం గోడ వెంబడి, ఇంకోటి దక్షిణం వెంబడి, రెండు వేరే రైజర్ల నుంచి ఎక్కుతయి. ఎందుకింత చుట్టు తిప్పుడు, రెండు కేబుళ్ళూ ఒకటే ట్రేల వేస్తే పని సగం రోజుల అయిపోతది కదా అనిపిస్తది. సైట్‌ల సూపర్‌వైజర్ లేనప్పుడు కొందరు వేస్తరు కూడ. ఆ రెండు కేబుళ్ళ మీద పోయేదే "ఉన్న, ఉన్న" అన్న మాట. ఒక దారి తెగితే రెండో దారి నుంచి మాట పోతనే ఉండాలె, లేకుంటే అవతలి మిషను నా తీరుగ ఆలోచిస్తది, ఆయన లారీ కాడికి పోయిండు అని. రెండూ ఒకే ట్రేల ఉంటే ఒక్క డ్రిల్లు బొక్క చాలు, రెండు దార్లూ ఒకేసారి పోతయి. డ్రాయింగ్‌ల రెండు దార్లు అని ఉంటది, గోడ మీద ఒక్కటే ఉంటది. ఆ సంగతి పైన కంప్యూటర్ ముందు కూసున్న ఇంజనీరుకు తెల్వదు. నీకు తెలుస్తది, ఎందుకంటే వేసింది నువ్వు. కేబుల్ రెండు చివర్ల లేబుల్ కూడ అంతే. లేబుల్ తప్పు ఉంటే, రాత్రి రెండు గంటలకు వచ్చినోడు బతికున్న దాన్ని పీకుతడు.

సింగపూర్‌ల 2020ల మొత్తం కరెంటుల నూటికి ఏడు వంతులు డేటా సెంటర్లే తాగినయి. మా పుంగ్గోల్ తీరు చూసినా తెలుస్తది. డిజిటల్ డిస్ట్రిక్ట్ అని జేటీసీ వాళ్ళు 50 హెక్టార్లల్ల కట్టిన్రు, 2024 డిసెంబర్ 10న పుంగ్గోల్ కోస్ట్ రైలు స్టేషన్ తెరిచిన్రు. అక్కడ లిఫ్టులు, ఏసీలు, లైట్లు వేరువేరు బిల్డింగులవి ఒకే ప్లాట్‌ఫాంకు మాట్లాడుకుంటయి. సాయంత్రం నడకకు అటు పోత. అద్దాల గోడలు చూసి అందరూ ఫొటోలు తీస్తుంటరు, నేను సీలింగ్ దిక్కు చూస్త, ట్రే ఎటు పోయిందో అని. మా ఇంటామె వీడియో కాల్‌ల తిడుతది, ముందు చూసి నడువుమని.

మా ఫ్లాట్‌ల ఇప్పుడు ఒక నియమం ఉంది. నెలల మొదటి ఆదివారం, వంట కాకముందు, చీటీ తీసి ఎవరో ఒకరు మూడు మిషన్లల్ల ఒకదాని ప్లగ్గు పీకుతరు. ఏది పీకుతరో నాకు ముందుగాల చెప్పరు. నేను ఫోన్‌ల మెస్ లెక్క తెరిచి ఒక రాత రాస్త, పడ్డదా లేదా చూస్త. మొదటి నెల పడలె, మూడో మిషన్‌ల పాస్‌వర్డ్ పాతది ఉండిపోయింది. రెండో నెల పడ్డది. ఈ పొద్దు పీకే వంతు 40 డాలర్ల తమ్మునిది. వాడు ఒక్కటి కాదు, రెండు పీకిండు. లెక్క ఆగిపోయింది, కొత్త రాత తీసుకోలె. అందరూ నా దిక్కు చూసిన్రు. అట్లనే ఆగాలె అని చెప్పిన. "మరి ఈ పొద్దు తెచ్చిన చికెన్ ఎక్కడ రాయాలె" అని అడిగిండు. నోట్‌బుక్ ఇచ్చిన.

సరే, తొమ్మిది అయితుంది. మిస్డ్ కాల్ ఇయ్యాలె.